మత్తడి మీద వనభోజనం

మావారికి రెండు మోకాళ్ళకూ ఆపరేషన్ అయి నాలుగు నెలలు నిండాక నాకు కొత్త దిగులు పట్టుకుంది. కాళ్ళు బాగయ్యాయి, మనిషి బాగవలేదు. డాక్టరు గారు అటూ ఇటూ నడిపించి చూసి, "ఇక ఆ వాకర్ పక్కన పడేయండి సార్, మీ మోకాళ్ళు ఇప్పుడు నా మోకాళ్ళ కన్నా గట్టివి" అని నవ్వారు. ఈయన నవ్వలేదు. అంతకు వారం ముందు బాత్రూం గుమ్మం దగ్గర కాలు జారి కూలబడ్డారు. దెబ్బేమీ తగల్లేదు, భయం మాత్రం బాగా తగిలింది. ఆ రోజు నుంచి హాల్లోంచి బాల్కనీలోకి, బాల్కనీలోంచి హాల్లోకి, నాలుగు కాళ్ళ ఇనుప వాకర్ టకటకలాడించుకుంటూ తిరగడమే ఆయన లోకం.

మేం ఉండేది బౌరంపేటలో, గేటున్న కాలనీలో, ఆరో అంతస్తులో. అమ్మాయి దుండిగల్ కాలేజీలో పాఠాలు చెబుతుంది కాబట్టి దానికి దగ్గరగా ఉందామని రిటైరయ్యాక గోదావరి జిల్లా నుంచి ఇక్కడికి వచ్చాం. ఆయన ఉద్యోగమంతా కాలవలూ లాకులూ తూములే. ఇరిగేషన్‌లో ఇంజనీరు. ఏ నీరు ఏ వేళకు ఎక్కడికి చేరుతుందో నోటిలెక్కన చెప్పేవారు. అలాంటి మనిషి బాల్కనీలో కూర్చుని కింద ఈతకొలను కడిగేవాడు మోటారు ఎప్పుడు వేస్తాడో, ఎప్పుడు కట్టేస్తాడో చూస్తూ పొద్దు పుచ్చుతుంటే నాకు జాలేసేది. పైకి మాత్రం దెప్పేదాన్ని. మా ఇద్దరి మధ్య ముప్ఫై ఎనిమిదేళ్ళుగా ప్రేమ ఆ రూపంలోనే నడుస్తోంది.

కార్తీకమాసం వచ్చింది. కాలనీ వాళ్ళు బస్సు మాట్లాడుకుని శామీర్‌పేట జింకల పార్కుకు వనభోజనాలకు బయల్దేరారు. పేర్లు ఇమ్మని వచ్చిన వాళ్ళతో ఈయన, "మైకులో హౌసీ నంబర్లు వింటూ పులిహోర తినాల్సిన ఖర్మ నాకు లేదు" అన్నారు. వాళ్ళు మొహం చిన్నబుచ్చుకుని వెళ్ళిపోయారు. నేను వంటింట్లో నుంచే ఓ ఎర వేశాను.

"మనింట్లో పనిచేసే అమ్మాయిది శామీర్‌పేట అవతల పల్లెటూరుట. అక్కడ గుట్టల మధ్య ఎప్పటిదో నిజాం కాలం నాటి చెరువు ఉందిట. రాతికట్ట, రాతి అలుగు. ఇప్పటికీ ఒక్క రాయి కదల్లేదుట."

బాల్కనీలో టకటక ఆగింది. అక్కణ్ణుంచే ప్రశ్న వచ్చింది. "నీళ్ళున్నాయిటా?"

నాలుగు నెలల్లో ఆ గేటు అవతలి లోకం గురించి ఆయన అడిగిన మొదటి మాట అది. నేను పోపు మాడబెట్టుకున్నాను గానీ నాకేం బాధ కలగలేదు.

మర్నాడు పది గంటలకు కాలనీ గేటు దగ్గర ఉండే ఆటో మాట్లాడుకుని మేమిద్దరమే బయల్దేరాం. ముందు రోజు సాయంత్రం తుఫాను వాన కొట్టింది. పొద్దున్నకు ఎండ కాసి, ఆకాశం కడిగిన గిన్నెలా ఉంది. ఆటోలో పులిహోర డబ్బా, పెరుగన్నం డబ్బా, చాప, ఒక ప్లాస్టిక్ కుర్చీ, వాకర్, వీటన్నిటి మధ్య ఇరుక్కుని మేము. వనభోజనం ఉసిరిచెట్టు కింద చెయ్యాలి కదా, అక్కడ ఉసిరిచెట్టు ఉంటుందో ఉండదో అని మేడ్చల్ బజార్లో ఆటో ఆపించి కాయలతో ఉన్న ఉసిరికొమ్మ కొన్నాను. దాన్ని పెట్టడానికి చోటు లేక వాకర్‌కే కొబ్బరితాడుతో కట్టాను.

"చెట్టు లేదని బెంగ పడకండి, మీ వాకరే మన ఉసిరిచెట్టు" అన్నాను.

"నీ మొహంలా ఉంది" అన్నారు ఆయన. కానీ కొమ్మ విప్పమనలేదు.

చెరువు కనబడగానే ఆటోలోంచి తల బయటపెట్టి చూశాను. మూడు వైపులా నల్లరాతి గుట్టలు, ఒకదాని మీద ఒకటి ఎవరో పేర్చిపెట్టిన బండరాళ్ళు, నాలుగో వైపు ఆ గుట్టను ఈ గుట్టను కలుపుతూ పొడవాటి కట్ట. కట్ట చివర, గుట్టను ఆనుకుని అలుగు. చెరువు నిండితే అదనపు నీరు పొర్లిపోవడానికి కట్టే రాతిగోడ అది. ఇక్కడి వాళ్ళు మత్తడి అంటారు. అడుగెత్తు గోడ, దాని కింద పెళ్ళిపందిరంత వెడల్పున రాతి చప్టా, చప్టా దాటితే నిలువెత్తు దిగుడు, అడుగున బండరాళ్ళ వాగు. మా ఊళ్ళో లాకులకు తలుపులుంటాయి, తాళాలుంటాయి, లస్కరు వచ్చి ఎత్తితేనే నీరు కదులుతుంది. ఇక్కడ తలుపూ లేదు, తాళమూ లేదు. నీటికి తోచినప్పుడు నీరు వెళ్తుంది.

ఆటో అతను కట్ట మీదుగా అలుగు దాకా తెచ్చి మమ్మల్ని దింపి, నాలుగింటికి వస్తానని శామీర్‌పేట వైపు టీ తాగడానికి పోయాడు. ఈయన వాకర్ ఆన్చుకుంటూ కట్ట వైపు చప్టా కొస దాకా వచ్చి, గోడ రాళ్ళను చూసి, సున్నం గీతలను చూసి, అవతలి గుట్టను చూసి, ఆగిపోయారు. ముక్కు ఎగబీల్చారు. నీళ్ళ వాసన.

"వంగి చూడవే, నీటికీ గోడ తలకూ మధ్య ఎంతుంది?"

నేను ఆ కొసనే వంగి చెయ్యి పెట్టి చూశాను. "నాలుగు వేళ్ళు."

ఆయన కళ్ళు మూసుకుని పెదవులు కదిపారు. ఆ కదలిక నాకు పెళ్ళయిన కొత్త నుంచీ తెలుసు. చెరువు వైశాల్యం, నిన్నటి వాన, గుట్టల మీద నుంచి వచ్చే నీరు, అన్నీ లోపల గుణించుకుంటున్నారు. "నాలుగు వేళ్ళు పెరగాలంటే రేపు రాత్రి దాకా పడుతుంది. ఇవాళ పొర్లదు. చక్కగా చప్టా మధ్యలో కూర్చోవచ్చు" అన్నారు.

ఆయన నోట లెక్క విని ఎన్నాళ్ళయిందో! అది విన్న సంతోషంలో నేను ఇంకేమీ ఆలోచించలేదు. చప్టా నడిమధ్య ఎంత శుభ్రంగా ఉందంటే, ఎవరో మా కోసం ఊడ్చి, కడిగి, ఆరబెట్టినట్టుంది. అంచుల్లో ఆకులూ మట్టీ ఉన్నాయి గానీ మధ్యలో పుల్ల కూడా లేదు. అక్కడే చాప పరిచాను, కుర్చీ వేశాను, ఉసిరికొమ్మతో సహా వాకర్‌ను పక్కన నిలబెట్టాను. కొమ్మ మొదట్లో పసుపు కుంకుమ పెట్టి దీపం వెలిగించాను. ఆ చోటిని ఊడ్చింది ఎవరో ఆలోచించి ఉంటే నేనింత కథ చెప్పాల్సిన పని ఉండేది కాదు.

విస్తళ్ళు పరుస్తుంటే కట్ట మీద నుంచి ఒక కేక వినిపించింది.

"ఓ అక్కా! ఆడ కూసున్నరేంది? లేవుండ్రి, ఇవతలికి రాండ్రి!"

నా వయసే ఉంటుంది ఆవిడకు. చీర మోకాళ్ళ దాకా ఎగదోపి, తలకు తువ్వాలు చుట్టి, చేతిలో మనిషెత్తు వెదురుగడతో దిగి వచ్చింది. చంకన చేపల గంప. ఆ చెరువులో చేపలు పట్టుకు బతికే కుటుంబమని చూస్తేనే తెలుస్తోంది.

"పొద్దుగాల పై చెరువు మత్తడి దుంకిందంట, మా ఆయనకు ఫోన్ వచ్చింది. గా నీళ్ళు పగటియాల్లకు ఈడికొస్తయి. మీరు గిట్ల నడుమల కూసుంటే ఎట్ల?"

ఈయన కుర్చీలో వెనక్కి వాలి, ఆఫీసులో కింది ఉద్యోగులతో మాట్లాడే గొంతు తీశారు. "అమ్మా, నేను జీవితమంతా నీళ్ళతోనే పనిచేశాను. నాలుగు వేళ్ళ ఖాళీ ఉంది. ఇవాళ రాదు."

"నాలుగేళ్ళు ఆడున్నయి సారూ, ఈడ లెవ్వు" అంది ఆవిడ.

ఆ మాట మా ఇద్దరికీ అర్థం కాలేదు. అర్థం కానప్పుడు అడగాలి. నేను అడగలేదు. నాకేమనిపించిందో ఉన్నదున్నట్టు చెబుతాను, సిగ్గుపడుతూనే చెబుతాను. ఆ శుభ్రమైన రాతి మీద ఆవిడ రోజూ చేపలు ఎండబెట్టుకుంటుంది కాబోలు, మమ్మల్ని లేపి తన చోటు తను తీసుకుందామని వచ్చింది కాబోలు అనుకున్నాను. "ఓ గంటలో తినేసి వెళ్ళిపోతాంలే అమ్మా" అని, పెళ్ళిలో పిలవని చుట్టానికి చెప్పినట్టు చెప్పాను.

ఆవిడ నన్నోసారి, ఈయన మోకాళ్ళనోసారి, వాకర్‌కు కట్టిన ఉసిరికొమ్మనోసారి చూసింది. "మీ ఇష్టం మల్ల" అని కట్ట ఎక్కింది. ఎక్కి వెళ్ళిపోతుందనుకున్నాను. వెళ్ళలేదు. గంప పక్కన పెట్టుకుని, గడ ఒళ్ళో పెట్టుకుని, మాకు ఎదురుగా కట్ట రాయి మీద కూర్చుంది.

మేము తినడం మొదలుపెట్టాం. ఎవరో చూస్తుంటే ముద్ద దిగుతుందా? అన్నం కోసం కూర్చుందేమోనని ఒక విస్తరిలో పులిహోర పెట్టి, "రా అమ్మా, తిందువు గాని" అని పిలిచాను. "తిన్న అక్కా, మీరు తినుండ్రి" అంది. మరి ఎందుకు కూర్చున్నట్టు? ఎండ పెరుగుతోంది. గంప మీద కప్పిన తడిబట్ట ఆరిపోతుంటే ఆవిడ రెండుసార్లు లేచి, నీళ్ళలో ముంచి మళ్ళీ కప్పింది. ఆ చేపలు శామీర్‌పేట రోడ్డు మీదకు వెళ్ళాల్సిన వేళ అది. మధ్యాహ్నం దాటితే వాటిని ఎవరూ ముట్టుకోరు. అదంతా నాకు తర్వాత తెలిసింది. అప్పుడు మాత్రం, "ఏం మనిషో, ఒక పట్టాన వదలదు" అని గొణుక్కున్నాను.

పెరుగన్నం కలుపుతున్నాను. మడమ కింద చల్లగా తగిలింది. మంచినీళ్ళ సీసా ఒలికిందేమో అనుకుని చూస్తే సీసా మూత వేసే ఉంది. మా వెనక గోడ రాళ్ళు, సరిగ్గా మధ్యలో, నల్లగా తడిశాయి. అంచుల దగ్గర రాళ్ళు పొడిగానే ఉన్నాయి. నేను చూస్తుండగానే ఆ తడి మెరిసింది, కదిలింది, గోడ దిగింది. చప్పుడు లేదు, హడావిడి లేదు. ఇంట్లో బిందె నిండి పొర్లినట్టు అంతే. దీపం చుయ్యిమని ఆరిపోయింది. విస్తళ్ళు లేచి తిరగడం మొదలుపెట్టాయి.

"ఏవండీ, లేవండి!"

నేను లేవబోయి పాకుడు మీద జారి కూర్చున్నచోటే మళ్ళీ కూర్చున్నాను. వారం కిందట అలుగు పారినప్పుడు పట్టిన పాకుడు ఎండిపోయి రాయిలా కనిపించింది గానీ, నీరు తగిలేసరికి ఆముదం పూసినట్టయింది. ఈయన వాకర్ అందుకుని సగం లేచారు. దాని నాలుగు కాళ్ళూ నాలుగు దిక్కులకు జారాయి. ఆయన మళ్ళీ కుర్చీలో పడ్డారు. ప్లాస్టిక్ కుర్చీ కూడా ఓ జానెడు ముందుకు జారింది. ముందుకంటే దిగుడు వైపు. ఆ దిగుడు మా నుంచి పది పన్నెండు అడుగుల దూరంలో ఉంది.

ఆయన మొహం చూశాను. బాత్రూం గుమ్మం దగ్గర పడినప్పటి మొహమే. నన్నీ మనిషి నమ్మి వచ్చాడు, బాల్కనీలోనే ఉండనిచ్చినా ప్రాణానికి సుఖంగా ఉండేది కదా అని ఏడుపొచ్చింది. నీళ్ళు చీలమండల దాకా వచ్చాయి.

ఆవిడ ఎప్పుడు దిగి వచ్చిందో తెలియదు. పరిగెత్తలేదు. పాదాలు రాతికి రాసుకుంటూ, ఇంట్లో నడిచినంత నింపాదిగా వచ్చి కుర్చీకీ దిగుడుకూ మధ్య నిలబడింది.

"పరేషాన్ గాకు సారూ. గా ఇనుప గుర్రాన్ని ఇడ్సిపెట్టు."

"వదిలితే పడతాను" అన్నారు ఈయన. ఆ గొంతులో ఆఫీసరు లేడు.

"పట్టుకుంటెనే పడ్తవ్. దానికి నాలుగు కాళ్ళున్నయి గని కాలి ఏళ్ళు లెవ్వు. నీ కాళ్ళకున్నయి. ఇడ్సిపెట్టు."

ఆయన వదిలారు. ఇన్నాళ్ళుగా నేను బతిమాలి, డాక్టరు చెప్పి, అమ్మాయి అలిగి సాధించలేనిది ఆవిడ ఒక్క మాటతో సాధించింది. వెదురుగడ ఒక కొస ఆయన చేతిలో పెట్టి, రెండో కొస తను పట్టుకుంది.

"ఇగ లేవు. కాలు లేపకు, రాసుకుంట రా. ఏళ్ళు రాయిని పట్టుకోవాలె. నీళ్ళ దిక్కు సూడకు, కండ్లు తిరుగుతయి. కట్ట దిక్కు సూడు."

ఆయన లేచారు. ఒక పాదం జరిపారు, రెండో పాదం జరిపారు. నేను వాళ్ళ వెనక చేతులూ కాళ్ళూ ఆన్చి, చంటిపిల్లలా పాకుతూ వస్తున్నాను. నా అవతారం ఎవరైనా చూస్తారేమోనన్న సిగ్గు కూడా లేదు. "కట్ట దిక్కు సూడు. గంతే. మంచిగ నడుస్తున్నవ్. కట్ట దిక్కు సూడు." ఆవిడ వెనక్కి నడుస్తూ, బిడ్డకు నడక నేర్పే తల్లిలా అదే మాట అంటూనే ఉంది. ఇరవై అడుగుల దూరానికి ఎంతసేపు పట్టిందో నాకు తెలియదు. కట్ట రాయి తగిలాక ఆయన దాని మీద కూర్చుని రెండు చేతులతో మోకాళ్ళను పట్టుకున్నారు. అవి ఇంకా ఉన్నాయా అని చూసుకున్నట్టు.

వెనక్కి తిరిగి చూస్తే వాకర్ ఉసిరికొమ్మతో సహా నెమ్మదిగా దిగుడు వైపు సాగిపోతోంది. అంచు దగ్గర ఒక్క క్షణం ఆగింది. తర్వాత లేదు. కింద బండల మీద ఇనుము మోగిన చప్పుడు వినిపించింది. వాకర్ చోట ఎవరు ఉండాల్సిందో ఇద్దరికీ తెలుసు.

ఆయన ఆవిడను అడిగారు. "అమ్మా, నాలుగు వేళ్ళు అక్కడున్నాయి, ఇక్కడ లేవు అన్నావు. ఏమిటది?"

"నడిమి రాళ్ళు కిందికున్నయి గద సారూ. గా కొసకు నాలుగేళ్ళుంటే ఈడ ఒక్క ఏలే ఉంటది. పాతోళ్ళు కావాల్ననే అట్ల పెట్టిండ్రంట, మా నాయిన చెప్తుండె. నీళ్ళు మొదలు నడుమలకెళ్ళి పోవాలె. కొసలకెళ్ళి పోతె కట్ట మట్టి కోస్తది."

ఈయన చాలాసేపు ఆ గోడ వైపు చూశారు. అప్పటికి నీరు మధ్యలో రెండు వేళ్ళ మందాన దూకుతోంది. రెండు కొసలూ పొడిగానే ఉన్నాయి. కంటికి ఆనని ఒంపు అది. నీరు పారితే తప్ప తెలియదు.

"నా దగ్గరికి ఇలా డ్రాయింగు వచ్చి ఉంటే తప్పని ఎర్ర పెన్సిలుతో కొట్టేసేవాణ్ణి" అన్నారు. "కాగితం మీద అలుగు గీత సమంగా ఉంటుందే. నేను కాగితాన్ని కొలిచాను." తర్వాత ఆవిడ వైపు తిరిగి రెండు చేతులూ జోడించారు. ఆయన దేవుడికి కూడా ఒంటిచేత్తో దణ్ణం పెట్టే మనిషి. చదవేస్తే ఉన్న మతి పోయిందని దెప్పడానికి మంచి అవకాశం దొరికింది గానీ, నేనూ ఆయన పక్కన నిలబడి చేతులు జోడించాను.

అప్పుడు నాకు గంప గుర్తొచ్చింది. గంప మీది బట్ట మళ్ళీ ఆరిపోయి ఉంది. "నీ చేపలు పాడైపోయాయి కదమ్మా" అన్నాను.

"పోనీ తియ్యి అక్కా. ఇయ్యాల ఎండబెడ్త."

"మరి మేం వినలేదు కదా, నీ దారిన నువ్వు వెళ్ళిపోవాల్సింది."

ఆవిడ నాకేసి వింతగా చూసింది. "గట్లెట్ల పోత? సారు లేవలేడని కండ్లకు కనవడుతాంది. నీళ్ళొచ్చేదాంక కూసుందామని కూసున్న."

గంటన్నర. ఆ గంటన్నరా ఆవిడ తిండికోసం కూర్చుందని, చోటు కోసం కూర్చుందని అనుకుంటూ తిన్నాను. ఆ పులిహోర ఇప్పటికీ నా గొంతులో అడ్డం పడుతుంది. ఆవిడతో ఆ సంగతి చెప్పి క్షమాపణ అడిగాను. "గట్ల అనుకుంటరు తియ్యి, ఎరుక లేనోళ్ళు" అని నవ్వేసింది. అంత తేలిగ్గా క్షమించడం నాకైతే చేతకాదు.

ఆటో వచ్చాక ఎక్కబోతుంటే గడ తిరిగి ఇవ్వబోయారు ఈయన. ఆవిడ తీసుకోలేదు. ఆటోలోంచి అది రెండు వైపులా బయటికి పొడుచుకు వస్తుంటే, మేడ్చల్ దాకా ఎదురొచ్చిన ప్రతి వాడూ తిట్టుకుంటూ తప్పుకున్నాడు. దాన్ని సగానికి కోయిద్దామని నేనంటే ఈయన ఒప్పుకోలేదు.

మర్నాడు పొద్దున్నే టకటక వినిపించలేదు. లేచి చూస్తే మనిషి ఇంట్లో లేడు. బాల్కనీలోకి పరిగెత్తాను. కింద కాలనీ రోడ్డు మీద, తెల్ల పంచెతో, తనకన్నా పొడుగున్న వెదురుగడతో, పాదాలు రాసుకుంటూ నడుస్తున్నారు. పైకొచ్చాక, సిమెంటు రోడ్డు మీద అలా ఎందుకండీ అంటే, "అలవాటు కావాలి కదే" అన్నారు. గేటు దగ్గర వాచ్‌మన్ దగ్గర్నుంచి అందరూ నవ్వారు. నవ్వనీ. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనే మనిషికి ఆ మొండితనం ఈసారి పనికొచ్చింది. సంక్రాంతికి పాదాలు ఎత్తి నడవడం మొదలుపెట్టారు. వేసవికి దుండిగల్ దాకా షేర్ ఆటోలో వెళ్ళి అమ్మాయిని చూసి వచ్చారు. గడ మాత్రం వదల్లేదు.

ఆవిడ నంబరు ఆ రోజే తీసుకున్నాను. పండక్కీ పబ్బానికీ మాట్లాడుకుంటాం. ఈ ఏడు కార్తీకంలో ఆవిడే ఫోన్ చేసింది. "అక్కా, నిన్న మత్తడి దుంకింది. ఇయ్యాల తగ్గింది, మడిమెల మందమే ఉన్నది. సారును తోల్కరా, సూస్తడు."

చీర, జాకెట్టు గుడ్డ, పసుపు కుంకుమ పళ్ళెంలో పెట్టుకుని బయల్దేరాం. పోయినేడు నేను విస్తరిలో పెట్టిన పులిహోర ఆవిడ ముట్టలేదు, అందుకని ఈసారి డబ్బా నిండా వేరే చేశాను. వానకు కట్ట మీది దారి బురదై ఆటో పోనన్నందున గుట్ట పక్క నుంచి వెళ్ళాం. అంటే ఇప్పుడు అలుగు దాటితేనే కట్ట మీదికి చేరగలం. ఆవిడ అవతల కట్ట మీద వల బాగుచేసుకుంటోంది. పక్కన ఏదో మెరుస్తుంటే చూశాను. మా వాకరే. ఒక కాలు వంకర పోయింది. దాని మీద తడివల ఆరేసి ఉంది.

"మీ గుర్రం మస్తు పనిజేస్తాంది సారూ!" అని అరిచింది. ఈయన పగలబడి నవ్వారు. చప్టా మీద పల్చగా నీరు పారుతోంది. ఆయన పంచె ఎగదోపుకుని, గడ ఊతంగా దిగి, నాలుగడుగులు జరిగారు. వెనక నేను రావడం లేదని గ్రహించి ఆగారు.

నేను ఎలా వెళ్ళను? పోయినేటి ఇనుప చప్పుడు చెవుల్లో మోగుతోంది. పాదం నీటి మీద పెట్టాను, తీశాను. కింద నీళ్ళు జరజరా సాగుతుంటే నేనే పక్కకు జారిపోతున్నట్టుంది. ఇంతకాలం ఈయన్ని పిరికివాడని దెప్పాను. ఆ భయం ఎలా ఉంటుందో నాకప్పుడు తెలిసింది.

ఆయన దెప్పలేదు. నాలుగడుగులు వెనక్కి జరిగి వచ్చారు. పళ్ళెం తను అందుకుని, గడ రెండో కొస నా చేతిలో పెట్టారు.

"కాలు ఎత్తకు, రాసుకుంటూ రా. నీళ్ళ దిక్కు చూడకు. కట్ట దిక్కు చూడు."

నేను తల ఎత్తి కట్ట వైపు చూశాను. వల పక్కన పెట్టి, ఆవిడ అదే రాయి మీద, పోయినేడు కూర్చున్న చోటే, మేం వచ్చేదాకా కూర్చుని ఉంది.